మా అబ్బాయి ఎంచుకున్న ఐదు హెచ్చరికలు



కంప్యూటర్ ఆటల గురించి ఒక కుటుంబ పత్రికలో వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆట అన్న మాట వినగానే చదువు వెనుకబడుతుందనీ, కంటిచూపు దెబ్బతింటుందనీ, నమాజు వేళలు తప్పిపోతాయనీ తల్లిదండ్రుల మనసు కీడు శంకిస్తుంది. ఆ శంక నిరాధారమైనది కాదు. అయితే ఈ నెల మేము వ్రాయదలచినది ఆటకు తగిలించుకునే ఒక చిన్న అనుబంధ సాధనం గురించి. పోరు ముమ్మరంగా సాగుతున్న వేళ ఆటగాడు గమనించి తీరవలసిన విషయాన్ని ఒక పెద్ద గుర్తుగానో, రంగుగానో, శబ్దంగానో అతని కళ్ల ముందు నిలపడమే దాని పని. రెండేళ్లుగా ఆ సాధనం మా ఇంట ఉన్నది. అది ఎలా పనిచేస్తుందో, దాని మూలాన మా ఇంట ఏ ప్రశ్న తలెత్తిందో, ఆ ప్రశ్నకు మేము ఏ సమాధానం చెప్పుకున్నామో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమనున్న ఒక నల్లరేగడి పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మా చుట్టుపక్కల ఊళ్లు కొన్ని పల్నాడులోకి, కొన్ని బాపట్లలోకి వెళ్లినప్పటికీ, మా చుట్టాల మాటల్లో ఇది నేటికీ గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలిమేరే. మేము నూర్‌బాషా కుటుంబీకులము. తాతల కాలంలో దూది ఏకడం మా వృత్తి. ఇప్పుడు రెండెకరాల పత్తి, ఎకరన్నర మిరప మా జీవనాధారం. మా రెండవ అబ్బాయికి మూడవ ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. కాని కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగానికి పైగా వినికిడి కోల్పోయాయి. వినికిడి యంత్రం పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్నవారి మాట అందుకుంటాడు. వెనుకనుంచి పిలిస్తే, పక్క గదినుంచి పిలిస్తే అతనికి అందదు. ప్రస్తుతం గుంటూరు దగ్గరి కళాశాలలో ఇంజనీరింగ్ చదువుతూ, రోజూ కళాశాల బస్సులో వెళ్లి వస్తున్నాడు.

2020లో బడులు మూతపడినప్పుడు పాఠాల కొరకు పిల్లల చేతికి ఫోను ఇవ్వవలసి వచ్చింది. పాఠంతోపాటే పబ్జీ కూడా ఇంట్లోకి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దానితో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. 2021 జూలైలో బీజీఎంఐ అన్న పేరుతో భారతదేశం కొరకు ప్రత్యేకించిన ఆట వచ్చింది. మా వీధి అరుగుల మీద పిల్లలు నలుగురు నలుగురుగా జట్లు కట్టి ఆడేవారు. ఆ ఆటలో శత్రువు కంటికి కనపడక ముందే అతని అడుగుల చప్పుడు వినవస్తుంది. చెవికి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఆ చప్పుడు పట్టుకోగలిగినవాడే నిలుస్తాడు. అందుచేత మా వాడిని ఎవరూ జట్టులో చేర్చుకునేవారు కారు. కొన్నాళ్లకు అతడు ఒక సంగతి కనిపెట్టాడు. తెర మూలనున్న చిన్న పటం మీద, అడుగుల చప్పుడు వచ్చిన దిక్కున పాదాల గుర్తు, కాల్పులు జరిగిన దిక్కున తూటా గుర్తు మెరుస్తాయి. మిగిలినవారు చెవులను నమ్ముకుని ఆ గుర్తులను చూడడం లేదు. మా వాడు వాటినే నమ్ముకున్నాడు. నెల తిరిగేసరికి, శత్రువు ఏ గోడ వెనుక ఉన్నాడో స్నేహితులకు అతడే చెప్పసాగాడు. చెవికి అందవలసినది కంటికి అందితే తాను ఎవరికీ తీసిపోనని అతనికి మొదటిసారి తెలిసినది అక్కడే.

ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్యగారి అబ్బాయి తన పాత కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. దానితోపాటే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట కూడా పరిచయమైంది. బ్లిజార్డ్ అనే అమెరికా సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ఈ ఆటలో దేశదేశాలవారు ఒకే కల్పిత లోకంలో పాత్రలు ధరించి కలిసి ఆడతారు. ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు. కొందరు శత్రువును కొడతారు. కొందరు గాయపడినవారికి చికిత్స చేస్తారు. మిక్కిలి కఠినమైన ఘట్టాలలో ఇరవై మంది ఒక జట్టుగా ఒక మహాశత్రువును ఎదుర్కొంటారు. మా అబ్బాయి చికిత్స చేసే పాత్రను ఎంచుకున్నాడు. దీనికి నెలనెలా చందా కట్టాలి. ఇంటి సొమ్ము అడగకుండా, ఊరి పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చిన దానిలోనుంచి కట్టుకోవాలన్నది మా మొదటి షరతు.

ఇందులో పోరు ఎలా ఉంటుందో కొంత చెప్పవలసి ఉన్నది. ఒక్కొక్క ఆటగాని మీద ఏకకాలంలో ఎన్నో ప్రభావాలు పనిచేస్తూ ఉంటాయి. కొన్ని మేలు చేసేవి: బలం పెంచేవి, దెబ్బ తీవ్రతను తగ్గించేవి. కొన్ని కీడు చేసేవి: విషం, శాపం, మంట, కాళ్లు కదలనీయని బంధనం. ఒక్కొక్కటి కొన్ని సెకన్లే ఉంటుంది. అవన్నీ తెర అంచున గోరంత బొమ్మలుగా వరుస కడతాయి. ఒక ప్రక్క మెరుపులు, పొగ, ఇరవై మంది కదలిక. మరొక ప్రక్క ఈ గోరంత బొమ్మలు. వాటిలో ప్రాణం తీసేది ఏదో, పట్టించుకోనక్కరలేనిది ఏదో తేల్చుకునేలోగా పుణ్యకాలం గడచిపోతుంది.

దీనికి విరుగుడు ఆటగాళ్లే కనిపెట్టారు. లూవా అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న చిన్న అనుబంధాలు వ్రాసి ఆటకు తగిలించుకునే వీలును ఆ సంస్థ కల్పించింది. వీటినే యాడాన్‌లు అంటారు. ఆటమీది ఇష్టంతో కొందరు వీటిని తయారుచేసి అందరికీ ఉచితంగా పంచిపెట్టారు. డెడ్లీ బాస్ మాడ్స్ అనేది మహాశత్రువు తరువాతి దెబ్బ ఎన్ని సెకన్లలో పడనున్నదో లెక్కగట్టి చూపుతుంది. పవర్ ఆరాస్ అనేది ఆటగాని మీదనున్న ముఖ్య ప్రభావాన్ని తెర నడుమ పెద్ద ఆకృతిగా వెలిగించేది. దాని తరువాత వచ్చినది వీక్ఆరాస్. శక్తి అన్న పాత పేరును ఆట పట్టిస్తూ బలహీనత అన్న పేరు పెట్టుకున్నప్పటికీ, పాతదానికంటె ఎంతో సమర్థమైనది. అందులో ఆటగాడు రెండు సంగతులు నిర్ణయించుకోవాలి. ఏది జరిగినప్పుడు నాకు తెలియాలి? ఎలా తెలియాలి? ఈ రెండింటికీ సమాధానం వ్రాసుకుంటే తక్కిన పని ఆ సాధనం చూసుకుంటుంది.

మొదట మా అబ్బాయి ఎవరో తయారుచేసిన హెచ్చరికల మూటను యథాతథంగా తెచ్చి పెట్టుకున్నాడు. అందులో అరవైకి పైగా ఉన్నాయట. తెర చూడబోతే పెళ్లి పందిరిలా వెలిగిపోతున్నది. అన్నీ వెలుగుతూ ఉంటే ఏదీ కనపడడం లేదు. వారం రోజులు ఓడి, తరువాత ఒక ఆదివారం కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు. "నాన్నా, ఇవన్నీ తీసేసి ఐదే ఉంచుకుంటాను. ఏవి ఉంచాలో తేల్చుకోవడమే కష్టంగా ఉంది" అన్నాడు. సాయంత్రానికి తేల్చుకున్నాడు.

ఆ ఐదూ ఇవి. ఒకటి, తన మీద పడిన కీడు పక్కవారికి పాకేదైతే తెర చుట్టూ ఎర్రని అంచు వెలగాలి. అప్పుడు జట్టుకు దూరంగా పరుగెత్తాలి. రెండు, ముందు నిలబడి దెబ్బలు కాచేవాని ప్రాణశక్తి మూడవ వంతుకు దిగితే పసుపు వలయం కనపడాలి. మూడు, జట్టులో ఎవరికైనా తాను తొలగించగలిగిన విషం అంటితే ఆకుపచ్చ చుక్క మెరవాలి. నాలుగు, మహాశత్రువు పెద్ద దెబ్బకు సిద్ధమవుతున్నప్పుడు తరిగిపోతున్న గీత కనపడాలి. ఇతరులు ఇది జట్టు నాయకుని గొంతు ద్వారా వింటారు, మా వాడు చూడవలసిందే. ఐదు, ఒకసారి వాడితే కొన్ని నిమిషాలు దొరకని తన పెద్ద చికిత్స మళ్లీ సిద్ధమైనప్పుడు తెలియాలి.

ఆ కాగితం మేము చాలాసేపు చూశాము. ఐదింటిలో మూడు పక్కవారి క్షేమం కొరకే ఉన్నాయి. అందులోనూ మొదటి స్థానం, తన వల్ల ఇతరులకు కలిగే హానికి ఇచ్చాడు. ఎందుకని అడిగితే, "మిగతావి చూడకపోతే నేను ఓడిపోతాను. ఇది చూడకపోతే నా వల్ల పందొమ్మిది మంది పోతారు" అన్నాడు.

ఈ మొదటి హెచ్చరిక ఎంత ముఖ్యమైనదో ఆ ఆట చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. 2005 సెప్టెంబరులో జుల్‌గురుబ్ అనే కొత్త ఘట్టాన్ని చేర్చారు. అక్కడి మహాశత్రువు హక్కార్ ఆటగాళ్లకు కలుషిత రక్తం అనే జబ్బును అంటిస్తాడు. అది దగ్గర నిలబడినవారికి పాకుతుంది. ఆ ఘట్టం దాటి బయటికి రాకూడదన్నది తయారుచేసినవారి ఉద్దేశం. కాని ఆటగాళ్ల వెంట ఉండే పెంపుడు జంతువులు దానిని మోసుకుని నగరాలకు వచ్చాయి. అంగళ్లలోని కల్పిత పాత్రలకు జబ్బు అంటింది. అవి చావవు గనుక వచ్చిపోయే వారందరికీ పంచుతూనే ఉన్నాయి. కొత్తగా ఆట మొదలుపెట్టిన బలహీనులు వీధుల్లో కుప్పలుగా కూలిపోయారు. కొందరు ఆపదలో ఉన్నవారికి చికిత్స చేయబోయారు, కొందరు పారిపోతూ జబ్బును మరో ఊరికి చేర్చారు, కొందరు కావాలనే అంటించారు. చివరకు సంస్థవారు ఆటనే సరిదిద్దవలసి వచ్చింది. ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు ఈ ఉదంతాన్ని పరిశీలించి 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో వ్యాసం వ్రాశారు. నిజమైన అంటువ్యాధిలో మనుషులు ఎలా నడచుకుంటారో తెలుసుకునేందుకు ఇటువంటి ఆటలు పనికి వస్తాయని వారి అభిప్రాయం. 2020 చూసిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. తాను మోస్తున్న కీడు తనకు తెలియకపోవడమే అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

హెచ్చరిక అనే మాట సేద్యం చేసేవారికి కొత్తది కాదు. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయలోకి దూరిన తరువాత రంధ్రం పూడిపోతుంది. బయటికి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే పొలంలో లింగాకర్షక బుట్టలు పెడతాము. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టే వేళ వచ్చినట్లు. పూరేకులు విచ్చుకోక ముడుచుకుపోయిన గుడ్డి పూలు పదింట ఒకటి కనపడినా అంతే. ఏడు పడితే ఊరుకోవాలి. ఒక్క రోజు పన్నెండు పడి మరునాడు మూడు పడినా ఊరుకోవాలి. ఈ లెక్క వ్యవసాయ శాస్త్రవేత్తలు నిర్ణయించినది. బుట్ట ఏ దుకాణం సరుకునూ అమ్మదు. పడిన పురుగును చూపి ఊరుకుంటుంది, అంతే.

2021లో మిరప తోటలకు నల్ల తామర పురుగు వచ్చిన నాటి సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పూలలో గుంపులుగా చేరి పూతను మాడ్చివేసింది. ఆ నెలల్లో ఫోను మోగని గంట లేదు. ఈ మందు కొట్టండి, రెండు కలిపి కొట్టండి, రేపటికి ఆలస్యమవుతుంది అంటూ సందేశాలు వచ్చిపడ్డాయి. పంపినవారిలో అధిక భాగం అమ్మేవారే. మందు మీద మందు కొట్టిన తోటల్లో పురుగును తినే మిత్ర కీటకాలు కూడా చచ్చి బెడద మరింత పెరిగింది. పిచికారీ గాలికి పక్క చేనిలో కాయ కోస్తున్న కూలీల మీద పడింది. మా పొలంలో పెట్టిన నీలి రంగు జిగురు అట్టలు మాత్రం తమ పని తాము చేశాయి. ఎక్కడ ఎన్ని అంటుకున్నాయో చూపాయి. అమ్మేవాని కేకకూ అట్ట చూపిన లెక్కకూ భేదం ఉన్నదని ఆ ఏడాది ఈ ప్రాంతపు రైతులు చాలా ఖరీదు చెల్లించి తెలుసుకున్నారు.

ఇక మా ఇంట జరిగిన విషయం. మా అమ్మగారికి ఎనభై ఏళ్లు దాటాయి. మోకాళ్ల నొప్పితో మంచం దిగలేరు. ఒకనాటి రాత్రి ఇషా తరువాత మేము ఊరిలో ఒక నికాహ్ విందుకు వెళ్లాము. అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. ఆనాడు అతని జట్టుకు ముఖ్యమైన పోరు. అమ్మగారు మంచినీళ్ల కొరకు రెండు మూడుసార్లు పిలిచారు. అతనికి వినపడలేదు. ఆమె తానే లేవబోయి జారి, మంచం కోడు పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయారు. మేము తిరిగి వచ్చేసరికి అరగంట గడిచింది. ఎముకలు విరగలేదు. మణికట్టు వాచింది. అబ్బాయి ఆమె ముందు కూర్చుని తల ఎత్తలేదు.

మరునాడు మా అన్నయ్యగారు వచ్చి కంప్యూటర్ తీసివేయమన్నారు. "పక్క గదిలో మనిషి పడిపోతే తెలియనివాడికి ఎక్కడో దేశంకాని దేశంలో ఉన్నవాడి విషం ఎట్లా తెలుస్తుందిరా?" అని అడిగారు. మాట కటువుగా ఉన్నప్పటికీ ప్రశ్న న్యాయమైనదే. అబ్బాయి కొంతసేపటికి జవాబు చెప్పాడు. "పెదనాన్నా, అక్కడ ఎవరికి ఆపద వచ్చినా నా తెర వెలుగుతుంది. ఇక్కడ నానమ్మ పిలిస్తే ఏదీ వెలగదు. నేను ఆట ఆడుతున్నా, పుస్తకం చదువుతున్నా, నిద్రపోతున్నా ఆ పిలుపు నాకు వినపడదు. కంప్యూటర్ తీసేయండి, పర్వాలేదు. కాని నానమ్మ పిలుపు అప్పుడు కూడా నాకు వినపడదు."

ఆ మాటతో చర్చ దారి మారింది. ఆట ఉండాలా వద్దా అన్న ప్రశ్న పక్కకు జరిగి, ఈ ఇంట్లో ఎవరి పిలుపు ఎవరికి ఎలా చేరుతున్నది అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. మూడు రోజుల్లో అతడు తీగలు, ఒక మీట, రెండు ఎర్ర బల్బులు తెచ్చాడు. మీట నానమ్మ మంచం కోడుకు బిగించాడు. ఒక బల్బు తన బల్ల మీద, కంప్యూటర్ తెరకు ఆనుకుని. మరొకటి తన మంచం ఎదుట గోడ మీద. ఆమె మీట నొక్కితే రెండూ వెలిగి ఆరుతూ ఉంటాయి. అతడు వెళ్లి ఆమె గదిలోని మరో మీట నొక్కేవరకు ఆరిపోవు. జట్టువారికి కూడా ముందే చెప్పిపెట్టాడు: ఎర్ర దీపం వెలిగితే పోరు మధ్యలోనైనా లేస్తాను, నాకు బదులు మరొక చికిత్సకుని సిద్ధంగా ఉంచుకోండి అని. ఇష్టమైనవారు ఒప్పుకున్నారు. ఒకరిద్దరు విసుక్కుని వేరే జట్టు చూసుకున్నారట. మా అన్నయ్యగారు స్వయంగా నాలుగుసార్లు మీట నొక్కి పరీక్షించి, నాలుగుసార్లూ అతడు వచ్చిన తరువాతనే ఇంటికి వెళ్లారు.

అయితే హెచ్చరికలను అతిగా నమ్ముకోవడంలో మరో చిక్కు ఉన్నది. 2025లో బ్లిజార్డ్ సంస్థ ఒక ప్రకటన చేసింది. మిడ్‌నైట్ అనే కొత్త విస్తరణలో, పోరు సమాచారాన్ని అప్పటికప్పుడు చదివి ఆటగాని తరఫున లెక్కలు కట్టే శక్తి యాడాన్‌లకు ఉండబోదని తెలిపింది. ముఖ్యమైన హెచ్చరికలను తామే ఆటలో చేరుస్తామన్నది. కారణం ఆలోచించదగినది. సాధనాలు ఎంత నేర్పరులైతే, వాటిని దృష్టిలో పెట్టుకుని మహాశత్రువులను అంత జటిలంగా తయారుచేయవలసి వచ్చింది. దానితో సాధనం లేనివాడు ఆడలేని స్థితి ఏర్పడింది. కొందరు ఆటగాళ్లు శత్రువును చూడడమే మానివేసి, తెర నడుమ కనపడే ఆజ్ఞ ప్రకారం నడవసాగారు. కొత్త నిబంధనల కింద తమ సాధనాన్ని కొనసాగించలేమని వీక్ఆరాస్ తయారీదారులు ప్రకటించారు.

మా వాడు రెండు రోజులు దిగులుగా ఉన్నాడు. అతని వంటివారికి అది ఆడంబరం కాదు, చెవికి బదులు. ఆ మాట నిజం. సంస్థ పెట్టే హెచ్చరికలు వినికిడి లేనివారికి ఎంతవరకు ఆసరా అవుతాయన్నది ఆడి తేల్చుకోవలసినదే. కాని అతడే మరో మాట కూడా అన్నాడు: "నాన్నా, రెండేళ్లు ఆ గీత చూశాక, దెబ్బ ఎప్పుడు పడుతుందో గీత లేకపోయినా కొన్నిసార్లు తెలుస్తోంది. వాడు చెయ్యి ఎత్తే తీరులోనే తెలుస్తుంది." మాకు మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన దూది ఏకుతున్నప్పుడు విల్లు నారి పలికే తీరునుబట్టి, దూది ఆరిందో లేదో చెప్పేవారు. తడి ఉన్న దూది మీద నారి మొద్దుగా పలుకుతుంది. ఆ పని నేర్చుకునే రోజుల్లో ఆయనకు వాళ్ల నాన్నగారు ప్రతిసారీ చేయి పట్టి ఆపి, ఇప్పుడు విను అని చెప్పేవారట. తరువాత తరువాత చెప్పవలసిన అవసరం రాలేదు. మంచి హెచ్చరిక కొన్నాళ్లకు మనిషిలో చూపుగానో, వినికిడిగానో మిగలాలి. ఏళ్ల తరబడి మోగినా మనిషికి ఏమీ నేర్పనిది ఊతకర్ర వంటిది. ఊతకర్ర అవసరమైనవారు ఉంటారు, దానిని లాగివేయరాదు; అవసరం లేనివారు దానిని అలవాటు చేసుకోరాదు.

మన సంప్రదాయంలో హెచ్చరిక అనగానే అజాన్ గుర్తుకు వస్తుంది. ప్రజలను నమాజుకు ఎలా పిలవాలన్న ప్రస్తావన మదీనాలో వచ్చినప్పుడు గంట, కొమ్ము వంటివి చర్చకు వచ్చి, చివరకు మనిషి గొంతు ఎంపికైనదని హదీసుల ద్వారా మనకు తెలుసు. ఆ కాలంలో తెల్లవారుజామున రెండు పిలుపులు ఉండేవి. హజ్రత్ బిలాల్ (రజి) రాత్రి ఉండగానే పలికేవారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) తెల్లవారిన తరువాత పలికేవారు. ఈ రెండవవారు అంధులు. తెల్లవారిందని పక్కవారు చెప్పిన పిమ్మట అజాన్ ఇచ్చేవారు. ఊరంతటికీ వేళ తెలిపే బాధ్యత చూపులేని వ్యక్తికి అప్పగించడం, ఆయనకు వేళ తెలిపే బాధ్యత ఊరివారు తీసుకోవడం: ఈ ఏర్పాటు గురించి మేము మునుపెన్నడూ ఇంతగా ఆలోచించలేదు. మా అబ్బాయి గోడమీది ఎర్ర దీపం చూసినప్పుడల్లా ఇప్పుడు ఆలోచనకు వస్తున్నది.

మన ఫోన్లలో రోజుకు ఎన్ని గంటలు మోగుతున్నాయో, వాటిలో మనం ఎంచుకున్నవి ఎన్నో ఒక్కసారి లెక్క చూడండి. తగ్గింపు ధరల గంట, ఎవరో ఫొటో పెట్టారన్న గంట, అప్పు ఇస్తామన్న గంట. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం రాకమునుపు ఆ ఆటల పిలుపులు ఎన్ని ఇళ్లలో అర్ధరాత్రి మోగాయో, ఎన్ని మిరప టిక్కీల సొమ్ము వాటి వెంట పోయిందో మన పల్లెలకు తెలుసు. ఆ గంట ఆడేవాని మేలు కొరకు మోగినది కాదు. మా అబ్బాయి కాగితంమీది ఐదింటికీ, ఈ గంటలకూ ఉన్న తేడా అదే. అవి అతడు ఆలోచించి పెట్టుకున్నవి. ఇవి ఇతరులు తమ లాభం కొరకు మన చేతిలో పెట్టినవి.

అందుచేత మేము కూడా ఒక శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఐదు ఎంచుకున్నాము. నానమ్మ మీట మొదటిది. ఫజర్ మేలుకొలుపు రెండవది. పత్తి బుట్టల లెక్క మూడవది. వారానికి రెండుసార్లు చూసి గోడ క్యాలెండరు మీద వ్రాస్తాము. నాలుగవది పిడుగుల హెచ్చరిక. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కించింది. మిరప కోతల కాలం ముగియవచ్చే రోజులవి. చేలలో కూలీలు ఉంటారు. కనుక ఆ సందేశం ఎవరి ఫోనుకు ముందు వచ్చినా, మిగిలిన పనులు ఆపి కూలీలను ఇంటికి పంపాలని నియమం పెట్టుకున్నాము. ఐదవదానిపై ఏకాభిప్రాయం కుదరలేదు. మిరప యార్డు ధరలు ఉంచాలని ఒకరు, కళాశాల బస్సు సమాచారం ఉంచాలని ఒకరు. అమ్మగారు మాత్రం ఆ చోటు ఖాళీగా ఉంచమన్నారు. పక్కింటివారికి మన అవసరం పడితే వారు తలుపు కొట్టినప్పుడు వినపడాలి కదా, ఫోన్లన్నీ మోగుతూ ఉంటే అది ఎలా వినపడుతుందన్నారు.

ఆ ఐదవ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది. తక్కిన గంటలన్నీ ఆపివేశాము. మా అబ్బాయి పరీక్షలు ముగిసిన తరువాత కొత్త విస్తరణలో ఆడి చూస్తానంటున్నాడు. ప్రస్తుతం వీధి తలుపుకు కూడా ఒక మీట, ఒక దీపం బిగించే పనిలో ఉన్నాడు.